ఒంటిపోగు భాష: ఆక్లండ్‌లో పుట్టిన ఆర్, ఈవెంట్ లూప్‌తో దాని సహవాసం

సి. ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోరు పరీక్ష ఇవాళ ఆర్ భాషలో ఒక్క మాటకు కుదించుకుపోయింది. రెండు గణాంక నమూనాలను పోల్చే అనోవా ఫంక్షన్‌కు పరీక్ష పేరుగా ‘రావు’ అని అందిస్తే చాలు, లెక్క జరిగి పట్టిక కళ్ళముందు నిలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మనిషి పేరు న్యూజిలండ్‌లో పుట్టిన భాషలోకి చేరడంలో వింతేమీ లేదు; గణాంకశాస్త్రానికి ఎల్లలు తక్కువ. వింత మరొకచోట ఉంది. కన్సోల్‌లో టైపు చేస్తే నిరపాయంగా నడిచే ఆ ఒక్క పంక్తినే కిటికీలూ బటన్లూ ఉన్న ఒక అప్లికేషన్‌లో బటన్‌కు ముడివేసి, ఆ బటన్‌ను కనిపెట్టుకుని ఉండే థ్రెడ్ నుంచి నేరుగా పిలిస్తే, ఆ పిలుపు ఒకసారి సరైన జవాబునిస్తుంది. మరొకసారి ప్రోగ్రామును కూల్చివేస్తుంది. ఇంకొకసారి ఏ హెచ్చరికా లేకుండా తప్పుడు అంకెను చేతిలో పెట్టవచ్చు.

మొదటి రెండింటికంటే మూడవది ప్రమాదకరం. కూలిపోయిన ప్రోగ్రామును ఎవరూ నమ్మరు. కూలకుండా తప్పు చెప్పే ప్రోగ్రాము మీద ఆధారపడి మందుల పరీక్షలూ, జనాభా అంచనాలూ, బీమా లెక్కలూ సాగిపోతాయి. కనుక ఈవెంట్ లూప్ నడిపే థ్రెడ్ నుంచి ఒక లైబ్రరీ ఫంక్షన్‌ను క్షేమంగా పిలవడం ఎలా అన్నది పైకి ప్రోగ్రామర్ల గొడవలా కనిపించినా, ఆర్ విషయంలో అది అంకెల విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆర్ సమాజం మూడు దశాబ్దాలలో చెప్పుకున్న సమాధానాల చరిత్రలో ఒక వరుస ఉంది. లైబ్రరీని అందరికీ తెరవడం ఎవరివల్లా కాలేదు. దాని దగ్గరకు పిలుపు చేరే మార్గాన్నే అందరూ మార్చుకుంటూ వచ్చారు.

ప్రయోగశాల అవసరం

1990ల తొలినాళ్ళలో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ గణాంకశాస్త్రం బోధించేవారు. ఇహాకా న్యూజిలండ్ వాడు, మావోరీ వంశీకుడు, బర్కిలీలో డాక్టరేటు చేసి తిరిగివచ్చినవాడు. జెంటిల్‌మన్ కెనడా నుంచి వచ్చాడు. విద్యార్థుల కోసం ఉన్న మెకింటాష్ ప్రయోగశాలకు తగిన గణాంక సాఫ్ట్‌వేర్ దొరకకపోవడం ఇద్దరినీ కలిపిన ఇబ్బంది. బెల్ ప్రయోగశాలల్లో జాన్ చేంబర్స్ బృందం 1976 నుంచి పెంచుకుంటూ వచ్చిన ఎస్ భాష వారికి ఆదర్శం. లిస్ప్ కుటుంబానికి చెందిన స్కీమ్ భాష లోపలి నిర్మాణం వారికి నచ్చిన నమూనా. ఈ రెంటినీ కలిపి, సుమారు వెయ్యి పంక్తుల సీ భాషలో ఒక చిన్న ఇంటర్‌ప్రెటర్‌తో పని మొదలైంది. వెలుపలి రూపు ఎస్‌ది, లోపలి ఎముక స్కీమ్‌ది. ఇద్దరి పేర్ల తొలి అక్షరం, ఎస్ అన్న పేరు మీద చమత్కారం కలిసి దానికి ఆర్ అన్న పేరు స్థిరపడింది.

1993 ఆగస్టులో తొలి ప్రతిని బయటపెట్టారు. మార్టిన్ మాక్లర్ ప్రోద్బలంతో 1995 జూన్‌లో దానిని జీపీఎల్ లైసెన్సు కింద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేశారు. 1996లో ఇద్దరూ కలిసి ప్రచురించిన పరిశోధన పత్రం దానిని గణాంక లోకానికి పరిచయం చేసింది. 1997లో క్రాన్ భాండాగారమూ, ఆర్ మూల బృందమూ ఏర్పడ్డాయి. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెలువడింది.

ఈ క్రమంలో తర్వాతి కథకు కీలకమైన నిర్ణయమొకటి ఉంది. దానిని నిర్ణయమనడం కూడా కష్టమే, ఎందుకంటే ఆనాడు అది ప్రశ్నగా ఎవరికీ ఎదురుకాలేదు. ఒక విద్యార్థి, ఒక యంత్రం, ఒక లెక్క అన్నదే అప్పటి దృశ్యం. ఆనాటి మెకింటాష్ వ్యవస్థలో ప్రోగ్రాములు కూడా ఒకదానికొకటి వంతు ఇచ్చుకుంటూ నడిచేవి. నడుస్తున్న ప్రోగ్రాము తానుగా పక్కకు తప్పుకుంటే తప్ప మరొకదానికి అవకాశం రాదు. అటువంటి చోట ఇంటర్‌ప్రెటర్‌కు ఒకే స్టాక్, ఒకే హీప్, ఒకే గార్బేజ్ కలెక్టర్ సరిపోయాయి. థ్రెడ్ అన్న మాటకు పోగు అని అర్థం చెప్పుకుంటే, ఆర్ ఒంటిపోగు మీద అల్లిన భాష.

లూపు, దాని కాపలాదారు

కిటికీలున్న ప్రతి అప్లికేషన్ గుండెలోనూ ఒక అంతులేని చక్రం ఉంటుంది. ఏదైనా జరిగిందా అని చూడటం, జరిగితే దానికి కేటాయించిన ఫంక్షన్‌ను పిలవటం, మళ్ళీ చూడటం. మౌస్ నొక్కు, కీబోర్డు మీట, నెట్‌వర్క్ నుంచి వచ్చిన సమాచారం, గడువు తీరిన గడియారం, ఇవన్నీ ఈవెంట్లు. వాటిని వరుసలో తీసుకునే చక్రం ఈవెంట్ లూప్. దానిని నడిపే థ్రెడ్‌కు రెండు ధర్మాలున్నాయి. అది ఎక్కడా నిలిచిపోకూడదు. నిలిస్తే కిటికీ గడ్డకట్టుకుపోతుంది. కిటికీలను తాకే పని మరెవరికీ అప్పగించకూడదు. జావా స్వింగ్, ఆపిల్ కోకో వంటి ప్రసిద్ధ టూల్‌కిట్లు ఏదో ఒక రూపంలో ఈ రెండవ నియమాన్నే పాటిస్తాయి.

ఆర్‌కు కూడా తనదైన ఈవెంట్ లూప్ ఉందన్న సంగతి చాలామంది వాడుకరులకు తెలియదు. యూనిక్స్ యంత్రం మీద కన్సోల్‌లో ఆర్ తదుపరి ఆదేశం కోసం ఎదురుచూస్తున్నప్పుడు అది కేవలం కీబోర్డునే చూడటం లేదు. సెలెక్ట్ అన్న సిస్టమ్ కాల్ ద్వారా కీబోర్డుతో పాటు, ఎక్స్11 బొమ్మల కిటికీ వంటి ఇతర ద్వారాలను కూడా కనిపెడుతుంటుంది. ప్రతి ద్వారానికీ ఒక హ్యాండ్లర్ నమోదై ఉంటుంది. గీసిన పటం మీద మరో కిటికీ వచ్చి తొలగిపోతే ఆ పటం మళ్ళీ నిండుగా కనబడటం ఈ ఏర్పాటు చలవే.

అంటే కిటికీల అప్లికేషన్‌లో ఆర్‌ను ఇమిడ్చినప్పుడు రెండు లూపులు ఎదురెదురుగా నిలుస్తాయి. రెండూ తమదే ప్రధాన థ్రెడ్ అనుకుంటాయి. ఒక ఒరలో రెండు కత్తుల సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

దస్త్రం మీద రెండు చేతులు

తేలికగా తోచే మార్గం రెండు థ్రెడ్లు పెట్టడం. కిటికీల లూపు ఒకదానిలో, ఆర్ మరొకదానిలో. బటన్ నొక్కగానే కిటికీల థ్రెడ్ తానే ఆర్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. రావు పరీక్ష ఉదాహరణలో ప్రమాదం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ఆర్‌లో ప్రతి విలువా హీప్‌లో ఉంటుంది. కొత్త విలువ కోసం చోటు అడిగిన ఏ క్షణంలోనైనా గార్బేజ్ కలెక్టర్ మేల్కొని, ఎవరూ వాడటంలేదనుకున్న చోటును ఖాళీ చేయవచ్చు. సీ భాషలో రాసిన కోడ్ తాను వాడుతున్న విలువను కాపాడుకోవాలంటే దానిని ప్రొటెక్ట్ అన్న స్టాక్ మీద పెట్టాలి. పని అయ్యాక తీసేయాలి. ఆ స్టాక్ ప్రోగ్రాము మొత్తానికీ ఒక్కటే. ఒక థ్రెడ్ మూడు విలువలు పెట్టి, మరొక థ్రెడ్ వాటిమీద రెండు పెట్టి, మొదటిది తన మూడింటిని తీసేస్తే, అది తీసినవాటిలో రెండు తనవి కావు. కాపలా కోల్పోయిన విలువను కలెక్టర్ చెత్తగా భావించి, ఆ చోటును వేరొక విలువకు ఇస్తుంది. గుణకాల వరుస ఉండవలసిన చోట మరేదో అంకెల వరుస వచ్చి కూర్చుంటుంది. ప్రోగ్రాము కూలితే అదృష్టం. కూలకపోతే పట్టిక అందంగానే అచ్చవుతుంది.

పాతకాలపు గ్రామ కరణం దస్త్రాన్ని తలుచుకుంటే ఈ ఇబ్బంది సులువుగా బోధపడుతుంది. దస్త్రంలో ఒక్క చేతి రాతే ఉండాలి. అర్జీ ఎవరైనా పెట్టుకోవచ్చు. కలం మాత్రం కరణం చేతిలోనే. రెండో చేయి పడ్డ రోజున ఏ ఉపద్రవమూ కనబడదు. ఏళ్ళ తర్వాత పొలం గట్టు దగ్గర తగాదాగా అది బయటపడుతుంది.

ఆర్ ఈ విషయంలో కొంత కాపలా పెట్టుకుంది. స్టాక్ ఎక్కడ మొదలైంది, ఎంత పొడవుంది అన్నది ప్రధాన థ్రెడ్ లెక్క ప్రకారం గుర్తుంచుకుని, హద్దు దాటే ముందు హెచ్చరిస్తుంది. మరో థ్రెడ్ నుంచి పిలుపు వస్తే ఆ థ్రెడ్ స్టాక్ వేరే చిరునామాలో ఉంటుంది గనుక, హద్దు దాటినట్టు లెక్కగట్టి ఆర్ దోషం ప్రకటిస్తుంది. ఆర్‌తో వచ్చే విస్తరణల కరదీపిక ఈ ఇబ్బందిని పేర్కొని, ఇమిడ్చిన ఆర్ ప్రధాన థ్రెడ్‌లో నడవడానికే రూపొందిందని చెబుతూ, అవసరమైతే ఆ తనిఖీని ఆపివేసే దారిని కూడా చూపుతుంది. తనిఖీ ఆపడం వల్ల హెచ్చరిక పోతుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి లోపలికి వెళ్ళే ప్రమాదం ఉన్నచోటనే ఉంటుంది. కుక్క మొరగడం మానింది కదా అని దొంగ లేడనుకోవడం వంటిది అది.

ఇలాంటి ఇబ్బంది ఆర్ ఒక్కదానిది కాదు. అదే కాలపు పైథాన్ 1992లోనే మొత్తం ఇంటర్‌ప్రెటర్‌కు ఒక తాళం వేసుకుంది. ఏ థ్రెడ్ అయినా లోపలికి రావచ్చు, కానీ ఒక్కొక్కటిగా. ఆర్ ఆ తాళాన్ని కూడా భాషలో భాగం చేసుకోలేదు. అందువల్ల తాళమో, తపాలా పెట్టెనో, ఏదో ఒకటి బయటివారే అమర్చుకోవలసి వచ్చింది.

లూపుల పొత్తు

తొలి సమాధానం రెండు థ్రెడ్ల ఆలోచనను వదిలి, ఒకే థ్రెడ్‌లో రెండు లూపులను కలపడం. 2000 నాటికి డెన్మార్క్‌కు చెందిన పీటర్ డాల్‌గార్డ్ టీసీఎల్/టీకే కిటికీలను ఆర్ నుంచి వాడుకునే ప్యాకేజీని రూపొందించాడు. దాని పరిచయ వ్యాసం 2001లో ఆర్ న్యూస్ పత్రికలో వెలువడింది. ఆర్ తన ఎదురుచూపుల మధ్య మధ్య టీకే ఈవెంట్లకు కొంత సమయం కేటాయిస్తుంది. టీకే బటన్ నొక్కితే దాని ఫంక్షన్ ప్రధాన థ్రెడ్‌లోనే, ఆర్ ఇచ్చిన వంతులోనే నడుస్తుంది. కలం చేతులు మారలేదు.

అదే 2001లో ల్యూక్ టియర్నీ ఆర్‌లో థ్రెడ్లు, కిటికీల సమస్యల మీద విడిగా ఒక పత్రం రాశాడు. 2000 డిసెంబరు నాటి 1.2.0లో ఆర్‌కు కొత్త తరాల గార్బేజ్ కలెక్టర్‌ను సమకూర్చినవాడు కూడా అతడే. హీప్ లోపలి సంగతులు అంతగా తెలిసిన మనిషి థ్రెడ్ల గురించి ఆలోచించాడన్నది గమనించదగినది. అయినా ఆ తర్వాతి సంవత్సరాలలో ఆర్ బహుళ థ్రెడ్ల ఇంటర్‌ప్రెటర్‌గా మారలేదు. అప్పటికే క్రాన్‌లో చేరుతున్న ప్యాకేజీల సీ కోడ్ అంతా ఒకే స్టాక్, ఒకే హీప్ అన్న నమ్మకం మీద రాసినదే. పునాది మార్చాలంటే మీద కట్టిన ఇళ్ళన్నీ కదిలించాలి.

లూపులను కలిపే పద్ధతికి చక్కని ఉదాహరణ మైకల్ లారెన్స్, డంకన్ టెంపుల్ లాంగ్‌ల ఆర్‌జీటీకే2. జీటీకే ఈవెంట్లను ఆర్ తరచుగా చూడాలి. కానీ ఆర్ కన్సోల్ దగ్గర నిద్రలో ఉంటే దానిని ఎవరు లేపాలి? యూనిక్స్ మీద ఆ ప్యాకేజీ ఒక చిన్న రెండవ థ్రెడ్‌ను సృష్టించింది. ఆ థ్రెడ్ ఆర్‌ను గానీ జీటీకేను గానీ ఎన్నడూ పిలవదు. అది చేసేదల్లా కొద్ది సేపటికోసారి ఒక పైపులో కొన్ని బైట్లు వేయడం. పైపు అవతలి కొస ఆర్ సెలెక్ట్ జాబితాలో నమోదై ఉంటుంది. బైట్లు రాగానే ఆర్ లేచి, తన థ్రెడ్‌లో తానే జీటీకే ఈవెంట్లను నడుపుతుంది. తలుపు తట్టడం వేరు, ఇంట్లోకి దూరడం వేరు అన్న భేదం ఇక్కడ స్పష్టంగా కోడ్ రూపం దాల్చింది.

ఈ ఏర్పాటు ఫలం ఆక్లండ్‌కే తిరిగివచ్చింది. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ వైల్డ్ నాయకత్వంలో తయారైన ఇన్‌సైట్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్, న్యూజిలండ్ పాఠశాలల విద్యార్థులు కోడ్ రాయకుండానే గణాంకాలను అన్వేషించేందుకు ఉద్దేశించినది. ఇంగ్లీషులో రాస్తే దేశం పేరులోని రెండు అక్షరాలు దాని పేరు మధ్యలో కనబడతాయి. దాని డెస్క్‌టాప్ రూపం చాలాకాలం ఆర్‌జీటీకే2 కిటికీల మీద నడిచింది. వెబ్ రూపం షైనీ మీద. బడిపిల్ల మౌస్‌తో ఒక చలరాశిని లాగి వదిలితే, ఆ కదలిక పైన చెప్పిన మార్గాలగుండానే ఆర్ దగ్గరకు చేరేది. ఇరవై ఏళ్ళనాటి మెకింటాష్ ప్రయోగశాల అవసరమే మరో తరం పిల్లల కోసం మరో రూపంలో తిరిగివచ్చిందన్నమాట.

అయితే ఒకే థ్రెడ్‌లో కలపడం వల్ల రెండు కొత్త చిక్కులు వచ్చాయి. మొదటిది, లెక్క సాగినంతసేపూ కిటికీ బిగుసుకుపోవడం. దీనికి విరుగుడుగా, సుదీర్ఘమైన సీ లెక్కలు మధ్య మధ్య ఆర్‌కు చెందిన అంతరాయ తనిఖీ ఫంక్షన్‌ను పిలవాలన్న ఆచారం ఏర్పడింది. వాడుకరి ఆపమన్నాడా అని చూసే ఆ తనిఖీ సమయంలో ఈవెంట్లకు కూడా అవకాశం దొరుకుతుంది. ఆ అవకాశమే రెండో చిక్కుకు దారి. నమూనా లెక్క సగంలో ఉండగా వాడుకరి ‘దత్తాంశం తొలగించు’ అన్న బటన్ నొక్కితే, సరైన థ్రెడ్‌లోనే, కానీ సరికాని సమయంలో, మరో ఆర్ ఫంక్షన్ నడుస్తుంది. ఆర్‌లో విలువలు ఫంక్షన్‌కు ప్రతులుగా అందినట్టే ప్రవర్తిస్తాయి గనుక కొంత రక్షణ ఉంది. అందరికీ ఉమ్మడి అయిన ఎన్విరాన్‌మెంట్లకూ, యాదృచ్ఛిక సంఖ్యల బీజానికీ ఆ రక్షణ లేదు. కనుక ఏ థ్రెడ్ అన్న ప్రశ్న పక్కనే ఏ సమయం అన్న ప్రశ్న కూడా నిలిచింది.

తాళమా, వేరు కాపురమా

కిటికీల లూపు ఆర్ మాట విననిచోట కలపడం కుదరదు. జావాలో స్వింగ్‌కు తన థ్రెడ్ తనకు ఉంటుంది. ఇక్కడ సైమన్ ఉర్బానెక్ రూపొందించిన ఆర్‌జావా, దానిలోని జేఆర్‌ఐ మరో దారి పట్టాయి. ఆర్ ఒక ప్రత్యేక థ్రెడ్‌లో నడుస్తుంది. జావా వైపు నుంచి వచ్చే పిలుపులన్నీ ఒక తాళం దగ్గర వరుసలో నిలుస్తాయి. ఆర్ పనిలో ఉంటే నిరీక్షించకుండా వెనుదిరిగే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఆ ఏర్పాటు ఎందుకో తెలియాలంటే దానిని విస్మరిస్తే ఏమవుతుందో ఊహించాలి. కిటికీల థ్రెడ్ తాళం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. లోపలున్న ఆర్ లెక్క ఒక కిటికీ గీయమని కిటికీల థ్రెడ్‌ను అడిగి, జవాబు కోసం ఎదురుచూస్తుంది. ‘ముందు మీరు’ అంటే ‘ముందు మీరు’ అనుకుంటూ ఇద్దరూ గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. తాళం అంకెలను కాపాడుతుంది. కదలికకు మాత్రం హామీ ఇవ్వదు.

2003లో అదే ఉర్బానెక్ పరిచయం చేసిన ఆర్‌సర్వ్ ఆలోచన దీనికంటే దూరం వెళ్ళింది. ఒకే ఇంట్లో ఉండి తగాదాపడటం కంటే వేరు కాపురం మేలు. ఆర్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. అప్లికేషన్ సాకెట్ ద్వారా ప్రశ్న పంపి జవాబు అందుకుంటుంది. యూనిక్స్ మీద ప్రతి కనెక్షన్‌కూ ఫోర్క్ ద్వారా కొత్త ప్రాసెస్ పుడుతుంది. ఒకరి హీప్ మరొకరికి కనబడదు. ఫోర్క్ సౌకర్యం లేని విండోస్‌లో ఈ వెసులుబాటు దొరకలేదు.

ఫోర్క్‌నే సమాంతర గణనకు వాడుకున్న ఉర్బానెక్ మల్టీకోర్ ప్యాకేజీ, 2011లో వచ్చిన 2.14.0తో ఆర్‌లో అంతర్భాగమైన పారలల్ ప్యాకేజీలో కలిసింది. దాని సహాయ పత్రం కిటికీల అప్లికేషన్ల లోపల ఆ ఫంక్షన్లను వాడవద్దని గట్టిగా హెచ్చరిస్తుంది. కారణం సూటిది. ఫోర్క్ జరిగినప్పుడు పిల్ల ప్రాసెస్‌లోకి పిలిచిన థ్రెడ్ ఒక్కటే వస్తుంది. తల్లి ప్రాసెస్‌లో మరో థ్రెడ్ పట్టుకున్న తాళం పిల్లలో శాశ్వతంగా వేసే ఉంటుంది. తీసే థ్రెడ్ అక్కడ లేదు. పైగా తల్లీపిల్లలిద్దరూ ఒకే కిటికీకి ఒకే కనెక్షన్ మీద మాట్లాడటం మొదలుపెడతారు. వేరు కాపురం పెట్టేటప్పుడు ఉమ్మడి ఇంటి తాళాలు వెంటపెట్టుకుపోకూడదన్నది ఈ అనుభవం నేర్పిన పాఠం. ఉర్బానెక్ తర్వాతి కాలంలో ఆక్లండ్ విశ్వవిద్యాలయ గణాంకశాస్త్ర విభాగంలోనే చేరాడు. ఆర్ బొమ్మల వ్యవస్థలో గ్రిడ్‌ను నిర్మించిన పాల్ మరెల్ కూడా ఆ విభాగం వాడే.

అర్జీల పెట్టె

వెబ్ ప్రధానమయ్యాక సమస్య మళ్ళీ రూపు మార్చుకుంది. షైనీ అప్లికేషన్లకు వెన్నెముకైన హెచ్‌టీటీపీయూవీ ప్యాకేజీ, నోడ్ కోసం పుట్టిన లిబ్‌యూవీ అన్న ఈవెంట్ లూప్ లైబ్రరీ మీద కట్టినది. తొలుత ఆ లూపు కూడా ఆర్ థ్రెడ్‌లోనే వంతులవారీగా నడిచేది. ఒక వాడుకరి లెక్క సుదీర్ఘంగా సాగుతుంటే మిగిలినవారి బ్రౌజర్లకు ఒక్క బొమ్మ ఫైలు కూడా వెళ్ళేది కాదు. 2018లో వచ్చిన 1.4.0తో నెట్‌వర్క్ పని అంతా వెనుక థ్రెడ్‌కు మారింది. ఇప్పుడు ఈవెంట్ లూప్ నడుస్తున్నది ఆర్ కాని థ్రెడ్‌లో. ఆ థ్రెడ్‌కు వచ్చిన కోరికను తీర్చే ఫంక్షన్ ఆర్‌లో ఉంది. మొదటి పేరాలోని బటన్ సమస్యే ఇది, మరింత పెద్ద కొలతలో.

జో చెంగ్ తదితరులు 2017లో వెలువరించిన లేటర్ ప్యాకేజీ దీనికి తగిన పనిముట్టు. దాని సీ++ ద్వారాన్ని ఏ థ్రెడ్ నుంచైనా పిలవవచ్చు. ఆ పిలుపు ఆర్‌ను తాకదు. ఏ ఫంక్షన్‌ను, ఏ సమాచారంతో నడపాలో రాసి వరుసలో పెడుతుంది. ప్రధాన థ్రెడ్ తన స్టాక్ మీద మరే ఆర్ కోడ్ లేని సమయంలో ఆ వరుసను తీసి నడుపుతుంది. ఏ థ్రెడ్ అన్న ప్రశ్నకూ ఏ సమయం అన్న ప్రశ్నకూ ఇది ఒకేసారి జవాబు. జవాబు సిద్ధమయ్యాక అదే మర్యాదతో తిరుగు ప్రయాణం. ఆర్ థ్రెడ్ లిబ్‌యూవీ ఫంక్షన్లను నేరుగా పిలవకూడదు. ఎందుకంటే ఆ లైబ్రరీ కూడా తన లూపు థ్రెడ్ తప్ప మరొకరు తన వస్తువులను తాకడాన్ని సహించదు. అసింక్ హ్యాండిల్‌కు సంకేతం పంపే ఫంక్షన్ ఒక్కదానికే అది మినహాయింపునిచ్చింది. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన అసింక్‌ఐఓ కూడా వేరే థ్రెడ్ల కోసం ఒక ప్రత్యేక ద్వారాన్ని విడిచిపెట్టింది. వేర్వేరు సమాజాలు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే అర్జీల పెట్టె దగ్గరకు చేరుకున్నాయి.

వరుసలో పెట్టే అర్జీకి కూడా ఒక నియమం ఉంది. దానిలో ఆర్ విలువలు ఉండకూడదు. వెనుక థ్రెడ్ ఆర్ వస్తువును సృష్టించడమంటే హీప్‌ను తాకడమే. అందుచేత మామూలు సీ అంకెలూ అక్షరమాలలూ మాత్రమే అర్జీలో ప్రయాణించాలి. వాటిని ఆర్ విలువలుగా మలిచే పని ప్రధాన థ్రెడ్‌లో జరగాలి. సమాంతర లెక్కలు చేసే ప్యాకేజీలు కూడా ఇదే గీత దాటకుండా పనిచేస్తాయి.

తిరుగుదారి

మిగిలిన ప్రశ్న దోషం గురించి. ఆర్ ఫంక్షన్‌లో దోషం ఏర్పడితే అది సీ భాషలోని లాంగ్‌జంప్ ద్వారా, మధ్యనున్న ఫంక్షన్లన్నిటినీ దాటి, ఒక్క గెంతులో పై మెట్టుకు చేరుతుంది. కన్సోల్ ముందు కూర్చున్నవాడికి అది సౌకర్యం. ఈవెంట్ లూప్ హ్యాండ్లర్ నుంచి పిలిచినప్పుడు ఆ గెంతు లూపు కోడ్ మీదుగా సాగుతుంది. లూపు పట్టుకున్న తాళాలు విడుదల కావు; సీ++ వస్తువుల ముగింపు క్రియలు జరగవు. ఒక వాడుకరి తప్పుడు చలరాశి పేరు ఇచ్చిన పాపానికి సర్వర్ మొత్తం నిలిచిపోవచ్చు.

దీనికి ఆర్ ముందునుంచీ ఇచ్చిన రక్షణ, పిలుపును ఒక పై మెట్టు ఆవరణలో నడిపి, దోషాన్ని ఆ ఆవరణ గోడ దగ్గరే ఆపి, సఫలమా విఫలమా అని మాత్రం తెలియజేసే ఫంక్షన్. 2018లో 3.5.0తో మరొకటి చేరింది. అది గెంతును మధ్యలో పట్టుకుని, సీ++ తన వస్తువులను సర్దుకున్నాక ముందుకు సాగనిస్తుంది. లోపలికి వెళ్ళే దారికి ఇరవై ఏళ్ళు పట్టినట్టే, బయటికి వచ్చే దారి చక్కబడటానికీ దాదాపు అంతే కాలం పట్టింది.

పునాది వేసినవారి మాట

ఈ ఏర్పాట్లన్నీ ఆర్‌ను క్షేమంగా వాడుకునే మార్గాలే తప్ప దాని స్వభావాన్ని మార్చినవి కావు. అది ఇహాకాకు తెలియనిది కాదు. 2008లో టెంపుల్ లాంగ్‌తో కలిసి రాసిన పత్రంలో ఆయన, గణాంక గణనకు రాబోయే వ్యవస్థను లిస్ప్ పునాది మీద కొత్తగా కట్టాలని ప్రతిపాదించాడు. తాను కట్టిన ఇంటికి మరమ్మతులు చాలవని ఆ ఇంటి మేస్త్రీయే చెప్పడం అరుదు. అదే సంవత్సరం న్యూజిలండ్ రాయల్ సొసైటీ ఆయనకు ఆర్ సృష్టికి గాను పికరింగ్ పతకాన్ని ప్రదానం చేసింది. ప్రపంచం ఆర్‌ను మరింత గట్టిగా హత్తుకుంటున్న రోజుల్లోనే దాని సృష్టికర్త దాని హద్దులను లెక్కగడుతున్నాడు.

ఆ కొత్త ఇల్లు ఆర్ స్థానాన్ని తీసుకోలేదు. వెయ్యి పంక్తుల నాటి ఒంటిపోగు ఇంకా నడుస్తూనే ఉంది. ఆర్‌ను మోస్తున్నది వేల ప్యాకేజీలలో పేరుకుపోయిన నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం, తమ కోడ్ నడిచేటప్పుడు హీప్ మీద మరో చేయి పడదన్న హామీ. ఆ హామీని భగ్నం చేసి వేగం సంపాదించడం కంటే, పిలుపును అర్జీగా మార్చి హామీని నిలబెట్టుకోవడమే మేలని ఆ సమాజం అనుభవం మీద తేల్చుకుంది.

మొదటి పేరాలోని బటన్ ఈనాడు ఎలా పనిచేయాలో ఈ చరిత్ర నుంచి సూటిగానే తేలుతుంది. బటన్ నొక్కినప్పుడు కిటికీల థ్రెడ్ నమూనా పేరునూ పరీక్ష పేరునూ మామూలు అక్షరమాలలుగా వరుసలో వేసి వెంటనే తన లూపుకు తిరిగిపోతుంది. ఆర్ ప్రధాన థ్రెడ్, చేతిలో వేరే లెక్క లేని సమయాన, దోషాన్ని ఆపే ఆవరణ లోపల అనోవాను పిలుస్తుంది. ఫలితాన్ని మామూలు అంకెలుగా మార్చి, కిటికీల లూపు విడిచిపెట్టిన ద్వారం గుండా తిరిగి పంపుతుంది. లెక్క గంటలు పట్టేదైతే ఇదంతా వేరే ప్రాసెస్‌లో జరగాలి. వాడుకరికి ఇవేవీ కనబడవు. రావు పేరు పక్కన ఒక అంకె కనబడుతుంది. ఆ అంకె కన్సోల్‌లో వచ్చినదే అయి ఉంటుంది.